పున్నమి పోటు – నిద్రలేమి

ఇటీవల ఒక గృహిణి తన అత్తగారిని నా వద్దకు తీసుకొనివచ్చారు. పున్నమి సమీపిస్తే ఆ పెద్దావిడకు నిద్ర పట్టదు. చంద్రుని వలన సముద్రంతోపాటు రక్తానికీ పోటు వస్తుందనీ, అప్పుడు మాత్రలు వృథా అనీ తలచి, రక్తపోటు మందు ఆపివేశారట!

చంద్రుని ఆకర్షణ వేలమైళ్ళ భూమికి ఇవతలివైపు ఎక్కువగా, అవతలివైపు తక్కువగా ఉండటం చేతనే సముద్రం పొంగుతుంది. ఆరడుగుల దేహంలో ఆ భేదం శూన్యప్రాయం. పైగా అమావాస్యకూ పెద్దపోటే కదా!

నిద్ర సంగతి వేరు. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో అర్జెంటీనాలోని తోబా తెగవారు పున్నమికి ముందు రాత్రులలో ఆలస్యంగా, తక్కువగా నిద్రించినట్లు తేలింది. ఆ రోజులలో ప్రొద్దుక్రుంకగానే వెన్నెల పరచుకొనటమే కారణమని నా అభిప్రాయం.

పడకగది కిటికీకి తెర కట్టమనీ, పడుకునేముందు అత్తగారి అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించమనీ కోడలికి చెప్పాను. రక్తపోటు మందును మాత్రం, వ్రాసిచ్చిన డాక్టరుగారిని అడిగి, ఆనాడే తిరిగి ప్రారంభింపజేశాను.