కంటి ఒత్తిడి బాగుంటే చాలదు

"నాకు బాగానే కనబడుతోందమ్మా, మళ్లీ ఈ స్కాన్ దేనికి?" నీటికాసుల అనుమానంతో డాక్టరుగారు నా గదికి పంపినవాళ్లలో చాలామంది అడిగే మాట ఇదే. కంటి ఆసుపత్రిలో ఫొటోలు, స్కాన్లు తీసే పని నాది. బాగా కనబడుతున్నప్పుడే తీయాలని చెబుతాను. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు తిరిగొస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు ఇక రాదు. అందుకే ముదిరేదాకా ఆగుదామనే మాట వింటే నాకు భయం.

ఈ జబ్బు దెబ్బతీసేది కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని. అందులో 10 లక్షలకు పైగా పోగులుంటాయి. నాలుగో వంతు పోయినా, చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ పరీక్షలో తేడా తెలియకపోవచ్చు. ఓసీటీ యంత్రం ఆ పోగుల పొరను కొలుస్తుంది. సూదీ లేదు, కోతా లేదు. కాంతిని లోపలికి పంపి, పొరల మీంచి తిరిగొచ్చిన దాన్నిబట్టి మందం లెక్కగడుతుంది. 1991లో అమెరికాలోని ఎంఐటీ బృందం లోకానికి చూపించిన పద్ధతి ఇది. ఆరోగ్యమైన కంట్లో ఆ పొర సుమారు 100 మైక్రాన్లు, అంటే కాగితమంత మందం.

ఫొటోలో నేను ముందు చూసేది నరం మొదలయ్యే గుండ్రటి డిస్కును. దాని నడుమ గుంట, చుట్టూ నారింజ రంగు అంచు. మామూలుగా కింది అంచు అన్నిటికంటే మందం. జబ్బు మొదలైతే సాధారణంగా కింది అంచు, పై అంచు ముందు పలచబడతాయి. కంట్లో ఒత్తిడి ఎక్కువుండే రకంలో గుంట చుట్టూతా వెడల్పవడం ఎక్కువ. ఒత్తిడి మామూలుగానే ఉండే రకంలో తరచుగా ఒకేచోట గాటుపడినట్టు అంచు పోతుంది, అక్కణ్ణించి నల్లటి చార సాగుతుంది. ఒక్కోసారి అంచు మీద సన్నటి నెత్తుటి గీత ఉంటుంది. కొన్నాళ్లకు అది మాయమైపోతుంది కాబట్టి ఆ ఫొటో ఎంతో విలువైనది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల్లో హైదరాబాదులో చేసిన సర్వేలో, కోణం (కంట్లో నీరు బయటికి పోయే చోటు) తెరిచి ఉండే నీటికాసులున్నవాళ్లలో 10 మందికి 9 మంది ఆ సంగతే ఎరగరు. సగానికి పైగా ఒత్తిడి మామూలుగా ఉన్నవాళ్లే!

కోణం మూసుకుపోయే రకం వేరు. కంటి ముందు భాగంలో నీరు బయటికి పోయే దారి ఇరుకవుతుంది. తొలిదశలో నా ఫొటో నిక్షేపంగా ఉంటుంది. డాక్టరు కంటికి అద్దం ఆనించి కోణం చూడాల్సిందే. ఆ పరీక్ష చేయకుండా స్కాన్ కాగితం ఇచ్చి పంపేయడం నాకు నచ్చదు.

స్కాన్ రిపోర్టులో పొర పలచబడిందని చెప్పే ఎరుపు కనబడగానే హడలిపోనక్కర్లేదు. మైనస్ పవర్ ఎక్కువున్న కన్ను పొడవుగా ఉంటుంది, యంత్రంలోని మామూలు లెక్కకు సరిపోక జబ్బు లేకున్నా ఎరుపు చూపిస్తుంది. కొన్ని నెలలకు మళ్లీ తీసి, పాతదాని పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. పాత రిపోర్టులు పారేయకండి. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ జబ్బుంటే, 40 దాటాక అద్దాల పరీక్షతో సరిపెట్టుకోకుండా నరం కూడా చూడమని అడగండి.