నర్స్ కేస్ మేనేజర్ ఉద్యోగానికి కవర్ లెటర్

రెజ్యూమె తయారుచేసే పద్ధతిని కిందటి భాగంలో తెలుసుకున్నారు. దానికి జతచేసే కవర్ లెటర్ గురించి ఇప్పుడు చూద్దాం. ఉదాహరణగా అమెరికాలోని ఆసుపత్రులు, ఆరోగ్య బీమా సంస్థలు నియమించే నర్స్ కేస్ మేనేజర్ ఉద్యోగాన్ని తీసుకుందాం. మన రాష్ట్రాల్లో బి.ఎస్సీ. నర్సింగ్ చదివి అక్కడ స్థిరపడినవారిలో, కొన్నేళ్లు వార్డులో పనిచేశాక ఈ ఉద్యోగం వైపు చూసేవారున్నారు. మీరు నర్సింగ్ విద్యార్థులు కాకపోయినా ఈ ఉదాహరణ పనికొస్తుంది. చేస్తున్న పని నుంచి దాని పక్కనున్న మరో పనిలోకి మారేటప్పుడే కవర్ లెటర్ అవసరం ఎక్కువ. ఎందుకు మారుతున్నారో రెజ్యూమె చెప్పలేదు.

4.1 ముందు ఉద్యోగం అర్థం కావాలి

కేస్ మేనేజర్ ఇంజెక్షన్లు ఇవ్వరు, కట్లు కట్టరు. అయినా ఆ పనికి నర్సునే ఎందుకు తీసుకుంటారు? దీని వెనుక డబ్బు లెక్క ఒకటి ఉంది. అమెరికా ప్రభుత్వ బీమా పథకమైన మెడికేర్ 1983 అక్టోబరు నుంచి ఆసుపత్రులకు చెల్లించే పద్ధతిని మార్చింది. అయిన ఖర్చును బట్టి ఇవ్వడం పోయి, జబ్బు వర్గాన్ని బట్టి ముందే నిర్ణయించిన మొత్తం ఇవ్వడం మొదలైంది. రోగి అవసరానికి మించి పడక మీద ఉంటే ఆ భారం ఆసుపత్రిదే. అలాగని తొందరపడి ఇంటికి పంపితే? 2012 అక్టోబరు నుంచి, గుండె వైఫల్యం వంటి కొన్ని జబ్బుల విషయంలో, డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు రోగులు మళ్లీ చేరడం ఎక్కువగా ఉన్న ఆసుపత్రులకు మెడికేర్ చెల్లింపుల్లో కోత పెడుతోంది.

ఈ రెండు ఒత్తిళ్ల మధ్య నిలబడే మనిషి కేస్ మేనేజర్. బీమా సంస్థ నుంచి అనుమతి తేవాలి. ఇంట్లో ఆక్సిజన్ ఏర్పాటు చేయించాలి. పునరావాస కేంద్రంలో చోటు వెతకాలి. ఇంటికెళ్లాక రోగిని చూసుకునేదెవరో కుటుంబాన్ని అడిగి తెలుసుకోవాలి. జబ్బు తెలిసిన మనిషి అయితేనే ఈ పనులు సరిగ్గా సాగుతాయి. మీ లేఖ చదివే మేనేజరు వెతికేది కూడా అలాంటి మనిషినే.

4.2 లేఖలో ఏం రాయాలి

అసలు లేఖ ఇంగ్లీషులో ఉంటుంది. విషయం తేలికగా పట్టుబడాలని నమూనాలను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం. ముందు ఈ వాక్యం చూడండి:

“నేను కష్టపడి పనిచేసే, రోగులను ప్రేమగా చూసుకునే నర్సును. మీ సంస్థలో అవకాశం ఇస్తే నా శక్తివంచన లేకుండా పనిచేస్తాను.”

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ మాట ఏ నర్సయినా, ఏ ఉద్యోగానికైనా రాయవచ్చు. ఇప్పుడు ఇది చదవండి:

“ఆరేళ్లుగా గుండె జబ్బుల వార్డులో పనిచేస్తున్నాను. గుండె వైఫల్యంతో వచ్చినవారికి డిశ్చార్జి రోజున మందుల చీటీ చేతిలో పెడితే సరిపోదని అక్కడే తెలిసింది. రోజూ బరువు చూసుకోవడానికి ఇంట్లో యంత్రం ఉందా, ఉప్పు తగ్గించి వండేదెవరు, మాత్రలు అయిపోతే తెచ్చేదెవరు అని అడిగి, ఆ సమాధానాలు కేస్ మేనేజరుకు చేరవేసేదాన్ని. ఆ పనినే పూర్తి బాధ్యతగా తీసుకోవాలని ఈ దరఖాస్తు పంపుతున్నాను.”

రెండో నమూనాలో ప్రేమ అన్న మాటే లేదు. అయినా రోగి గురించి ఆలోచించే మనిషి కనిపిస్తుంది. పైగా తాను ఇంతవరకు కేస్ మేనేజరుగా పనిచేయలేదన్న సంగతిని దాచకుండానే, ఆ పని తనకు కొత్త కాదని చూపించింది.

ఇండియాలో చేసిన పని అక్కడ చెల్లదనుకొని చాలామంది దాన్ని ఒక్క వరుసలో తేల్చేస్తారు. అది పొరపాటు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద చికిత్సకు ముందస్తు అనుమతి కావాలి. అనుమతి కోసం రిపోర్టులు సమకూర్చడం, అడిగిన ప్రశ్నలకు జవాబు పంపడం, ఆలస్యమైతే రోగి బంధువులకు నచ్చజెప్పడం మీరు చేసి ఉంటే, అది కేస్ మేనేజరు పనికి దగ్గరి చుట్టమే. అయితే ఆరోగ్యశ్రీ అన్న పేరు మాత్రం రాసి వదిలేస్తే అక్కడివారికి ఏమీ బోధపడదు. “పేద కుటుంబాల ఆసుపత్రి ఖర్చు భరించే ప్రభుత్వ పథకం” అని నాలుగు మాటలు చేర్చండి.

4.3 జంకు పుట్టించే విషయాలు

మొదటిది, ఉద్యోగం లేని ఏళ్లు. భర్త వీసా మీద వెళ్లిన నర్సులకు ఇది బాగా తెలిసిన బాధ. 2015 మే వరకు హెచ్-4 వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం చేసే వీలు లేదు. ఆ తర్వాత కూడా, గ్రీన్ కార్డు ప్రక్రియలో కొంత దూరం వచ్చిన హెచ్-1బి ఉద్యోగుల భార్యలకు, భర్తలకు మాత్రమే అనుమతి దొరికింది. ఆ ఏళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు, వీసా కథంతా చెప్పనక్కరలేదు. తేదీలు మాత్రం సర్దకండి. “2011 నుంచి 2015 వరకు ఉద్యోగంలో లేను. ఆ కాలంలో ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై ఆర్.ఎన్. లైసెన్సు పొందాను” అన్న రెండు వాక్యాలు చాలు.

రెండోది అర్హతలు. కేస్ మేనేజర్లకు సి.సి.ఎం. అనే ధ్రువీకరణ ఉంది. అది మీకు లేకపోతే లేదనే ఉండనివ్వండి. చదువుతున్నది నిజమైతేనే చదువుతున్నానని రాయండి. లైసెన్సు ఏ రాష్ట్రానిదో తప్పక చెప్పండి.

మూడోది కొంచెం సున్నితమైనది. మంచి సంఘటన చెప్పాలనే ఉత్సాహంలో రోగి పేరు, చేరిన తేదీ, ఊరు రాసేవారుంటారు. అమెరికాలో రోగి సమాచారాన్ని 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన నియమాలు కాపాడతాయి. చట్టం సంగతి అటుంచినా, రోగి గుట్టు లేఖలోనే బయటపెట్టిన నర్సుకు ఫైళ్లు అప్పగించడానికి ఏ మేనేజరు ఒప్పుకుంటారు?

లేఖ ఒక పేజీ దాటకూడదు. ప్రకటనలో వాడిన పదాలు మీరు నిజంగా చేసిన పనికి సరిపోతే అవే పదాలు వాడండి. తెలిస్తే మేనేజరు పేరుతో సంబోధించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. “కష్టపడి పనిచేస్తాను” అన్న వాక్యాన్ని, మీరు చేసిన ఒక పనిని చెప్పే రెండు వాక్యాలుగా మార్చి రాయండి.

2. మీ ప్రాంతానికి మాత్రమే తెలిసిన ఒక పథకాన్ని లేదా ఉద్యోగం పేరును ఎంచుకొని, బయటివారికి అర్థమయ్యేలా ఒక వాక్యంలో వివరించండి.