బయలాజికల్ ఏజ్

పుట్టినతేదీతో నిమిత్తం లేకుండా, కణాల అరుగుదలను బట్టి లెక్కగట్టే వయసు ఇది. రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకున్నవారిలో ఇది వేగంగా పెరుగుతోందన్న చర్చతో వార్తల్లోకి వచ్చింది. 2014లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు రోగుల రక్తంలోని టీ కణాల్లో పీ16 జన్యువు జోరును కొలిచారు. విభజన ఆపేసినా చావకుండా మొండికేసే ముసలి కణాలకు అదొక గుర్తు. కీమో తర్వాత అది ఎంత పెరిగిందంటే, దాదాపు 15 ఏళ్లు మీద పడినంత! ఏడాది గడిచినా దిగలేదు. అలాగని ఆయుష్షులో 15 ఏళ్లు తెగిపోయాయని కంగారుపడటం తొందరపాటు. చికిత్స మానుకోవడం అంతకన్నా ప్రమాదం. ఈ అధ్యయనంలో చికిత్సకు ముందూ వెనకా వరుసగా గమనించింది 33 మందినే, చూసింది రక్తకణాలనే. ఇంతకీ ఈ గుర్తు ఎందుకు పెరుగుతుందంటే, డాక్సోరూబిసిన్ వంటి కీమో మందులు క్యాన్సర్ కణాల డీఎన్‌ఏను తెంచే క్రమంలో ఆరోగ్యకరమైన కణాలనూ గాయపరుస్తాయి. వాటిలో కొన్ని కోలుకోలేక ముసలివైపోతాయి.