జైలు గోడల మధ్య ‘స్నేహ’లత

బెంగళూరు: ఇప్పటి ఫ్రీడం పార్కు ఒకప్పుడు సెంట్రల్‌ జైలు. నెల్లూరు కవి పఠాభి సతీమణి, రంగస్థల నటి స్నేహలతారెడ్డిని ఎమర్జెన్సీలో, 1976 మేలో, తీసుకొచ్చింది ఇక్కడికే. జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం గెలిచిన కన్నడ ‘సంస్కార’ (1970) కథానాయిక ఆమె. బరోడా డైనమైట్‌ కేసులో అనుమానించి పట్టుకున్నారు. విచారణ లేకుండానే ‘మీసా’ కింద ఎనిమిది నెలలు ఉంచేశారు.

ఉబ్బసంతో ఊపిరాడకున్నా ఊరుకోలేదామె. తోటి ఆడ ఖైదీలను కొట్టొద్దని, తిండి సరిగా పెట్టాలని అధికారులతో పోట్లాడారు. వారికి పాటలు నేర్పారు. డైరీ రాసుకున్నారు.

జబ్బు ముదిరాక 1977 జనవరి 15న పెరోల్‌పై వదిలారు. అయిదు రోజులకే కన్నుమూశారు. ఆ డైరీ అదే ఏడాది అచ్చయింది. పార్కుకు వెళ్లే తెలుగువారు పాత బ్యారక్‌ల దగ్గర ఓ నిమిషం ఆగితే బాగుంటుంది.