గాయం కాకముందే

షోలాపూర్‌లోని కొంతం చౌక్ నేతపనివారి పేట. తెలంగాణ ప్రాంతం నుండి తరతరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ నివసిస్తున్నాయి. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ఏం చేస్తాడు? మగ్గాన్ని ఆపి, తెగిన పోగును అతికి, ఆ తరువాతనే నేత సాగిస్తాడు. ఒక్క పోగే గదా అని ఊరుకుంటే బట్ట పాడవుతుంది. క్రీడాకారుల శరీరం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

తెలుగు క్రీడాకారిణి పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల బాడ్మింటన్‌లో స్వర్ణపతకం సాధించింది. ఆ పోటీల్లోనే ఆమె ఎడమ చీలమండకు గాయమైంది. ఎముకకు సన్నని పగులు ఏర్పడినట్లు తేలింది. అందువల్ల అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు ఆమె వెళ్ళలేకపోయింది. 2023 జనవరిలోగాని తిరిగి బరిలోకి దిగలేదు. వైద్యులు, శిక్షకులు వెంట ఉన్న క్రీడాకారిణికే ఇంతకాలం పట్టింది. మరి బడి మైదానంలో ఆడే బాలిక సంగతి ఏమిటి? ఒకసారి మోకాలు దెబ్బతింటే "ఇక ఆటలు చాలు" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆమె ఆట అక్కడితో ఆగిపోతుంది.

గాయాలన్నీ దురదృష్టం వల్ల కలిగేవి కావు. చాలావాటిని నివారించవచ్చు. ఇందుకు నాలుగు మెట్లున్న పద్ధతిని 1992లో నెదర్లాండ్స్ పరిశోధకుడు వాన్ మెకెలెన్, ఆయన సహచరులు వివరించారు. ఎన్ని గాయాలు అవుతున్నాయో లెక్కించడం మొదటి మెట్టు. కారణాలు కనుగొనడం రెండవది. నివారణోపాయం అమలుచేయడం మూడవది. మళ్ళీ లెక్కించి ఫలితం చూడటం నాలుగవది.

నార్వే దేశంలో మహిళల హ్యాండ్‌బాల్ జట్లలో ఇలాగే చేశారు. 1998-99 ఆటకాలంలో మోకాలిలోని ముఖ్యమైన లిగమెంటు తెగిన సంఘటనలు 29 జరిగాయి. ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీయే లిగమెంటు. పరుగెత్తుతూ చటుక్కున మలుపు తిరిగేటప్పుడు, ఎగిరి నేలకు దిగేటప్పుడు ఇది తెగుతుంది. అందుచేత సుమారు 15 నిమిషాలపాటు నిలకడ నేర్పే వ్యాయామాలు, మోకాలు లోపలికి వాలకుండా దిగే పద్ధతి నేర్పారు. తరువాతి రెండు ఆటకాలాల్లో అలాంటి గాయాలు 23కు, ఆపై 17కు తగ్గాయి.

ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో ఈ గాయం పురుషులకంటె స్త్రీలకు రెండు రెట్లు, అంతకు మించి కలుగుతున్నది. శరీర నిర్మాణంతోపాటు కండరాల బలం, నేలకు దిగే తీరు కూడా ఇందుకు కారణాలు. నిర్మాణాన్ని మార్చలేము, బలాన్ని, తీరును మార్చుకోగలము. శ్రమకు తగిన ఆహారం తినకపోయినా నెలసరి క్రమం తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి.

మహారాష్ట్రలో పుట్టిపెరిగిన ఖోఖోలోనూ స్తంభం దగ్గర వేగంగా మలుపు తిరగాలి. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచకప్‌ను భారత మహిళలు గెలిచారు. వారిలా ఎదగాలనుకునే బాలికలు ఆటకు ముందు నెమ్మదిగా పరుగెత్తి శరీరాన్ని వేడెక్కించుకోవాలి. ఒంటికాలిపై నిలబడటం, గుంజీళ్ళు, మెత్తగా దిగడం సాధన చేయాలి. నొప్పిని దాచక ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చెప్పాలి. వాపు తగ్గకుండా, వైద్యుని సలహా లేకుండా తిరిగి ఆడరాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదని పెద్దలు అంటారు గదా! రోజూ పావుగంట సాధన ఆటను ఏళ్ళ తరబడి నిలుపుతుంది.