పాతికేళ్లకు పడిన శుభం కార్డు!

నెలల తరబడి ఊపిరి బిగబట్టి చూసిన సీరియల్ తీరా ఆఖరికొచ్చేసరికి కథే వదిలేస్తే..? జపాన్‌లో 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' అభిమానులకు అదే అనుభవమైంది.

హిదెయకి అన్నో దర్శకత్వంలో ఈ యానిమే 1995 అక్టోబరులో టీవీ టోక్యోలో మొదలైంది. భూమ్మీదికి దండెత్తే వింత జీవులు, వాటితో తలపడే భారీకాయపు 'ఇవా'లు, అందులో కూర్చుని పోరాడాల్సిన 14 ఏళ్ల షింజీ. తండ్రి ఆదరణ కోసం తపించే ఆ పిల్లాణ్ని ప్రేక్షకులు సొంతవాడిలా చూసుకున్నారు.

1996 మార్చిలో వచ్చిన చివరి రెండు భాగాల్లో మాత్రం యుద్ధం ఊసే లేదు. షింజీ మనసులోని ప్రశ్నలు, కదలని బొమ్మలు, తెరమీద అక్షరాలు... చివరికి అందరూ చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతూ అభినందించడంతో సరి! నిర్మాణానికి సమయం చాలకపోవడమూ అందుకో కారణం.

నచ్చని సీరియలైతే ఛానల్ మార్చేస్తాం. మనసుపెట్టి చూసింది మధ్యలో చెయ్యి వదిలేస్తేనే కోపమొస్తుంది. అభిమానులకూ అలాగే వచ్చింది.

దాంతో 1997లో అన్నో 'ది ఎండ్ ఆఫ్ ఇవాంజెలియన్' సినిమాతో మరో ముగింపు ఇచ్చారు. అదీ అందరికీ మింగుడుపడలేదు. 2007 నుంచి కథను నాలుగు సినిమాలుగా మళ్లీ చెప్పారు. 2021 మార్చిలో విడుదలైన ఆఖరిది జపాన్‌లో 1,000 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. అందులో షింజీ తండ్రితో ముఖాముఖి మాట్లాడతాడు, పెద్దవాడవుతాడు.

1995లో షింజీ ఈడు పిల్లలు అప్పటికి నలభైకి చేరారు మరి!