దూరపు దీవి, దగ్గరి డ్యాము

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా బ్యాంకు కౌంటరు దగ్గర మాటలే మారిపోతాయి. ఇదివరకు ఊటీ, కొడైకెనాల్ అనేవారు. ఇప్పుడు నార్వే, ఐస్‌లాండ్ అంటున్నారు. విహారయాత్రకు వ్యక్తిగత రుణం అడిగేవారూ ఉన్నారు. రుణం ఇవ్వడం నా ఉద్యోగం, ఇస్తున్నాను. కష్టపడి సంపాదించుకున్నవారు నాలుగు దేశాలు చూసి వస్తే తప్పేముంది? కాకపోతే, వచ్చిపోయే జనం గురించి ఆ ఉత్తరపు దీవులవారు ఏమనుకుంటున్నారో కూడా తెలుసుకొని వస్తే బాగుంటుందని నా కోరిక.

ఫేరో దీవులని ఉన్నాయి. స్కాట్లండుకూ ఐస్‌లాండుకూ నడుమ, అట్లాంటిక్ సముద్రంలో 18 దీవుల గుంపు. డెన్మార్కు రాజ్యంలో స్వపరిపాలన ఉన్న ప్రాంతం. జనాభా యాభై వేల పైచిలుకు, అంటే 2011 లెక్కల నాటి మన హోసూరు పట్టణంలో సగం కూడా లేరు. నిటారుగా సముద్రంలోకి దిగే కొండచరియలు, పైకప్పు మీద పచ్చగడ్డి మొలిచిన ఇళ్ళు, ఎటు చూసినా గొర్రెలు. చూడవచ్చేవారు పెరిగేకొద్దీ కాలిబాటలు అరిగి బురదయ్యాయి. 2019 ఏప్రిల్‌లో వారు ఒక పని చేశారు. పేరున్న పది చోట్లను మరమ్మతుల కోసం మూసేస్తున్నామని ప్రకటించి, పనిచేయడానికి వచ్చేవారికి మాత్రం తలుపు తెరిచారు. వందమందిని తీసుకుంటామంటే దరఖాస్తులు వేలల్లో వచ్చాయి. వచ్చినవారికి బస, భోజనం అక్కడివారే పెట్టారు. వీరు దారులు సరిచేశారు, మెట్లు వేశారు. తరువాత కూడా ఈ ఏర్పాటు కొనసాగింది. మన పల్లెల లెక్కలో చెప్పాలంటే, చుట్టపుచూపుగా వచ్చినవాడు చేని గట్టు వేసే పనిలో ఒక చెయ్యి వేసి, అన్నం తిని పోవడం వంటిది.

ఈ సంగతి చదివినప్పటి నుంచి నా మనసు కెలవరపల్లి మీదనే ఉంది.

హోసూరువారికి ఆ డ్యాము గురించి చెప్పనక్కరలేదు. బయటి ఊళ్ళలో ఉన్న సభ్యుల కోసం రెండు మాటలు. హోసూరు నుంచి సుమారు 10 కిలోమీటర్లు. దక్షిణ పినాకిని మీద కట్టిన జలాశయం. పూర్తి నీటిమట్టం 44.28 అడుగులు. కుడి, ఎడమ కాలువల కింద సుమారు 8,000 ఎకరాలు సాగవుతుంది. ఈ ఏటికి ఒక అక్క ఉంది. నంది కొండల ప్రాంతంలోనే పుట్టిన ఉత్తర పినాకిని, అదే మన పెన్న, అనంతపురం, కడప, నెల్లూరు సీమలు చూసుకుంటూ సముద్రం చేరుతుంది. చెల్లెలు ఇటు తిరిగి హోసూరు, కృష్ణగిరి, సాత్తనూరు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్క తెలుగు నేలలో ఉండిపోయింది, చెల్లెలు తమిళనాడుకు కోడలుగా వచ్చింది. మనలో చాలామంది ఇళ్ళ కథ కూడా ఇదే కదా!

పంట రుణాల ఫైళ్ళు నా టేబులు మీదికి వచ్చే రోజుల్లో, 'సాగునీటి వసతి' అన్న గడిలో ఈ కాలువ పేరు ఎన్నిసార్లు రాసుకున్నానో లెక్కలేదు. ఒక పెద్దాయనను "కాలువలో నీళ్ళున్నాయా అన్నా?" అని అడిగితే, "నీళ్ళుండాయి సార్, నీళ్ళ మాదిరి లేవు" అన్నాడు. ఆ మాట ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

పోయిన దసరాకు మా చెల్లెలి కొడుకు భార్యాపిల్లలతో బెంగుళూరు నుంచి వచ్చాడు. అందరం కలిసి డ్యాముకు పోయాం. అంతకు రెండు రోజుల ముందే పెద్ద వాన. షట్టర్ల నుంచి దూకిన నీరు దిగువన తెల్లటి నురుగై, మనిషి ఎత్తున పేరుకొని ఉంది. గాలికి ముద్దలు ముద్దలుగా లేచి చేల మీద పడుతోంది. చిన్నపాప "తాతా, మంచు!" అని పరుగు తీసింది. చెయ్యి పట్టి ఆపాను.

"ముట్టుకోకూడదు బంగారూ, అది సబ్బు నురుగు."

"ఎవరు స్నానం చేసినారు?"

నేను మా వాడి వైపు చూశాను. వాడు ఫోనుతో ఫోటో తీస్తున్నవాడు ఆగి, "ఏం మామా, నన్ను చూస్తావు?" అన్నాడు.

"మీ అపార్టుమెంటు ఎక్కడరా?"

"బెళ్ళందూరు దగ్గర."

ఆ పైన నేనేమీ అనలేదు. బెళ్ళందూరు చెరువు నీరు వర్తూరు చెరువుకు, వర్తూరు నీరు పినాకినికి చేరుతుందని వాడికీ తెలుసు. ఆ చెరువే 2015లోనూ, 2017లోనూ, 2018లోనూ మంటలు లేచి పేపర్లకు ఎక్కింది. నీటికి నిప్పంటుకోవడం మన ముత్తాతలు కూడా విని ఉండరు!

నురుగు ఎందుకు వస్తుందంటే, బట్టల పొడులలో మురికి వదిలించే రసాయనాలు ఉంటాయి. శుద్ధి చేయని మురుగుతో బాటు అవి ఏట్లో కలుస్తాయి. నిదానంగా పారేటప్పుడు పెద్దగా కనిపించవు. షట్టరు నుంచి దూకి గాలితో కలిసి గిలక్కొట్టినట్లు అయ్యేసరికి, మజ్జిగ చిలికినట్లు, నురుగు పొంగుతుంది. బెంగుళూరులో వాన పడిందంటే చెరువుల్లో నిలిచిందంతా ఒక్కసారి కదులుతుంది. 2024 అక్టోబరు వానలకు దిగువన రోడ్డు మీదనే నురుగు పేరుకొని రాకపోకలు ఆగిపోయాయి. ఎవరూ ఏమీ చేయలేదని కూడా అనడానికి లేదు. కోరమంగళ, చల్లఘట్ట లోయ మురుగును శుద్ధిచేసి, రోజుకు 440 మిలియన్ లీటర్ల లెక్కన కోలారు చెరువులకు పంపే పథకం 2018లో మొదలైంది. అయినా మన ఏట్లోకి వచ్చేది వస్తూనే ఉంది.

"అటువంటి చోటికి పిల్లల్ని తీసుకుపోవడమెందుకండీ?" అని ఒక సభ్యురాలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా మట్టుకు, తప్పక తీసుకుపోవాలంటాను. బిల్లు చూడకుండా హోటల్లో తినేవాడికి ధర తెలియదు. మన ఇంటి బట్టల మిషను బిల్లు కెలవరపల్లిలో కనిపిస్తుంది. పైగా అక్కడ చూడవలసింది నురుగొక్కటే కాదు. వానలు వెనుకబట్టాక, నవంబరు దాటి, పొద్దున్నే ఆరున్నరకు పోయి చూడండి. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఆ వేళకు శాలువా కావాలి. పైన విశాలంగా నీళ్ళు, మంచు తెర, చెట్ల మీద రెక్కలు ఆరబెట్టుకొనే నీటికాకులు, తెల్లకొంగలు, ఒంటికాలి జపం చేసే బూడిదకొంగ, తటాలున నీళ్ళలో పడి లేచే లకుముకి పిట్ట. ఒక నోటుపుస్తకం పిల్లల చేతికిచ్చి ఎన్ని రకాలు చూశారో రాయమనండి. గంటసేపు ఫోను అడగరు. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట.

నీళ్ళలోకి మాత్రం దిగవద్దు, కాళ్ళు కడుక్కోవద్దు. తాగే నీళ్ళు ఇంటినుంచే తీసుకుపోండి. చలికాలంలో, రాగి కోతల రోజుల్లో, ఏనుగుల మందలు సానమావు అడవిదాకా వస్తాయి. ఆ రోజుల్లో పొద్దు వాలకముందే ఇల్లు చేరండి, ఊరివాళ్ళు వద్దన్న దారిన పోవద్దు. తిండికి చింతపండన్నం, పెరుగన్నం, ఉడికించిన చెనక్కాయలు చాలు, స్టీలు క్యారియరులో. తినడానికి విస్తరాకులు. ఆకు మట్టిలో కలుస్తుంది, ఆవు తిన్నా నష్టం లేదు. పోయినసారి మేము తిరుగుదారిలో గట్టు మీద ఏరిన ప్లాస్టిక్ గ్లాసులు, పాకెట్లు రెండు గోనెసంచుల నిండా అయ్యాయి. ఏరినవారిలో ఎక్కువమంది పిల్లలే. పెద్దలు ఫోటోలు తీశారు!

కారు లేకుండా పోదగిన చోటు కావాలంటే రాయకోట ఉంది. హోసూరు, ధర్మపురి రైలు దారిలో సుమారు గంట ప్రయాణం. నలుగురు మనుషులకు నాలుగు కార్లు తీసే ఈ రోజుల్లో పిల్లలకు ప్యాసింజరు రైలే ఒక వినోదం. స్టేషనులు ఒక్కొక్కటి చదువుకుంటూ, బొరుగులు తింటూ పోవచ్చు. ఊరి పైన కోట కొండ. 1791లో మూడవ మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాను చేతినుంచి ఆంగ్లేయులు పట్టుకున్న కోట ఇదే. నేడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఎక్కడానికి వయసును బట్టి గంట, గంటన్నర. నాకు గంటన్నర. పైన కూలిన గోడలు, బండల నడుమ నీటి గుంటలు, చుట్టూ బారామహల్ కొండలు. నాలుగు కొండల పేర్లు తెలిసిన పెద్దవారెవరైనా వెంట ఉంటే ఆ ఆనందమే వేరు. గోడల మీద పేర్లు చెక్కే మహానుభావులు మన భాషలో కూడా ఉన్నారని అక్కడే తెలిసింది.

ధర్మపురి జిల్లా హొగేనకల్ అందరూ ఎరిగిందే. అక్కడ హరిగోలు ఎక్కేవారు రక్షణ జాకెట్టు అడిగి తొడుక్కోండి. 2014లో ప్రకటించిన ఉత్తర కావేరి వన్యప్రాణి అభయారణ్యం 504 చదరపు కిలోమీటర్లు, మన జిల్లాలోకి కూడా విస్తరించి ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టకండి. అడవి చూడాలన్న ముచ్చట రోడ్డు మీద నుంచి తీర్చుకున్నా నష్టం లేదు.

దసరా తరువాత మా చెల్లెలి కొడుకు ఒకసారి ఫోను చేశాడు. వాళ్ళ అపార్టుమెంటులో మురుగు శుద్ధి యంత్రం ఉందట. నడుస్తోందా అని సంఘం సమావేశంలో అడిగాడట. నెలనెలా కరెంటు బిల్లు ఎంతవుతోందో చూడరా, నడిచే యంత్రానికి కరెంటు ఖర్చు కనిపిస్తుంది అని చెప్పాను. లెక్కలు చదివినవాడికి తోచే సలహా అదే మరి. "చూస్తాను మామా" అన్నాడు. చిన్నపాప ఫోను లాక్కొని, "తాతా, మళ్ళీ పోయేసరికి మంచు పోయుంటుందా?" అని అడిగింది.

రెండో శనివారం మా బ్యాంకులకు సెలవు. వచ్చే నెల ఆ రోజున నాలుగు కుటుంబాలం రాయకోటకు పోతున్నాం. కలిసి వచ్చేవారు మన సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వండి. ఇంటికి ఒక నీళ్ళ సీసా, ఒక ఖాళీ సంచి తప్పనిసరి.